బెంగళూరు కారు, పామిడి ఓనరు: సీ బుక్కు ముందా, ఇన్సూరెన్స్ ముందా?

ప్రశ్న: పామిడిలో బట్టల వ్యాపారం చేస్తాను. మూడు నెలల కిందట బెంగళూరులో మా బామ్మర్ది స్నేహితుని దగ్గర 2019 మోడల్ స్విఫ్ట్ పెట్రోలు కారు కొన్నాను. కేఏ 03 నంబరు. ఫారం 29 (అమ్మినట్టు తెలిపేది), ఫారం 30 (పేరు మార్పు దరఖాస్తు) మీద ఆయన సంతకాలు పెట్టి ఇచ్చినాడు, తారీఖు వేయలేదు. సీ బుక్కులో ఇంకా బ్యాంకు పేరు ఉంది, అప్పు ఎప్పుడో తీరిపోయిందని అంటున్నాడు. ఇన్సూరెన్స్ ఆయన పేరు మీదనే మరో నాలుగు నెలలు ఉంది. పక్క రాష్ట్రం బండికి ఏడాది దాకా ఏమీ చేయక్కర్లేదని ఇక్కడి ఏజెంటు చెప్తున్నాడు. పోయిన వారం గుత్తి దగ్గర వెనక నుంచి లారీ తగిలి బంపరు, డిక్కీ డోరు పోయినాయి. ఇన్సూరెన్స్ వస్తుందా? ఇప్పుడు ఏ పని ముందు చేయాలి? తెలిసినవాళ్లు బెంగళూరు ఎయిర్‌పోర్టుకు బాడుగకు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

జవాబు: బంపరు సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఈ మూడు నెలలూ ఆ కారు నడిపింది మీరు. దారిలో గొర్రె అడ్డమొచ్చి, తప్పించబోయి చెట్టుకు గుద్దుకొని మీ ప్రాణానికే ఏమైనా అయివుంటే, ఆ పాలసీలో ఉన్న 15 లక్షల ప్రమాద బీమా నుంచి మీ ఇంటికి ఒక్క రూపాయి కూడా వచ్చేది కాదు. ఆ బీమా ‘ఓనర్ డ్రైవర్’కు, అంటే సీ బుక్కులోనూ పాలసీలోనూ పేరుండి, చెల్లే లైసెన్సు ఉన్న మనిషికి. ఆ మనిషి ఇప్పటికీ బెంగళూరులోనే ఉన్నాడు. బంపరు ఖర్చు వేలల్లో పోతుంది. తొందర పడాల్సింది దీని కోసం.

‘ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది’ అని మనం ఒక్కమాటలో అనేస్తాం కానీ ఆ కాగితంలో మూడు వేర్వేరు బీమాలు ఉంటాయి. బండి చేతులు మారినప్పుడు మూడూ మూడు రకాలుగా నడుస్తాయి. మొదటిది థర్డ్ పార్టీ, అంటే మీ కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదని మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ చెప్తుంది. 157వ సెక్షన్ ప్రకారం బండి అమ్మిన రోజే ఇది కొన్నవాడికి తనంతట తానే బదిలీ అయినట్టు లెక్క. కాబట్టి మీరు ఇన్సూరెన్స్ లేని బండి నడుపుతున్నారని ఎవరూ అనలేరు, అంతవరకు నిమ్మళం. రెండోది ఓన్ డ్యామేజ్, మీ బండికే జరిగే నష్టానికి. ఇది తనంతట తాను మారదు. అమ్మకం జరిగిన 14 రోజుల్లో కొన్నవాడు కంపెనీకి దరఖాస్తు పెట్టి పేరు మార్పించుకోవాలి. ఆటోమేటిక్ బదిలీ థర్డ్ పార్టీకే తప్ప ఓన్ డ్యామేజ్‌కు వర్తించదని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. మూడోది పైన చెప్పిన ఓనర్ డ్రైవర్ బీమా. పేరు మారితేనే మీది.

ఇక లారీ తగిలిన సంగతి. పాలసీ మీ పేరు మీద లేదు, 14 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. మీరు క్లెయిము వేస్తే తిరస్కరిస్తారు. ‘అమ్మినాయన చేత వేయిద్దాం, అమ్మిన సంగతి చెప్పకుండా’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినొద్దు. నష్టం చూడ్డానికి కంపెనీ పంపే సర్వేయరు మొదట అడిగేది బండి ఎవరు నడుపుతున్నారు, ఎందుకు ఇటు వచ్చింది అనే. అమ్మకం ఒప్పందం, బ్యాంకులో డబ్బు బదిలీ అయిన తారీఖు దాచినా దాగవు. అబద్ధం బయటపడితే ఆయనకూ మీకూ ఇద్దరికీ తలనొప్పి. ఉన్నది ఉన్నట్టు చెప్పి క్లెయిము అడిగే దారి లేకపోలేదు. ఆర్సీ (సీ బుక్కు) మారనంతవరకు పాత ఓనరే చట్టం దృష్టిలో యజమాని అంటూ ఒక లారీ కేసులో సుప్రీంకోర్టు పాలసీదారుకే పరిహారం ఇప్పించింది. అయితే ఆ ప్రమాదం జరిగింది 2011లో, తీర్పు వచ్చింది 2020లో. బంపరు కోసం అంత ఓపిక ఎవరికీ ఉండదు.

వెనక నుంచి తగిలింది లారీ కాబట్టి అసలు దారి లారీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. దానికి పోలీసు కాగితం కావాలి. ఆ చోటు ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో ఉందో అక్కడ ఫిర్యాదు ఇచ్చి, లారీ నంబరు, దాని పాలసీ వివరాలు రికార్డయ్యేలా చూడండి. డ్రైవరు అక్కడికక్కడే కొంత డబ్బిచ్చి ఉంటే, మీరు రాజీ కాగితం మీద సంతకం చేసి ఉంటే మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే. ఆస్తి నష్టానికి కూడా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో దావా వేయొచ్చు, 6 నెలల లోపు వేయాలి. అక్కడా కారు యజమాని ఎవరన్న ప్రశ్న వస్తుంది గనుక సీ బుక్కులో పేరున్నాయన సహకారం లేకుండా నడవదు. నష్టం 15, 20 వేల లోపైతే లారీ ఓనరుతో మాట్లాడుకుని తేల్చుకోవడమే మేలు. కోర్టు చుట్టూ తిరిగే ఖర్చు దానికి మించుతుంది. బాగు చేయించే ముందు నాలుగు పక్కలా ఫొటోలు తీసి, గ్యారేజీ అంచనా రాతపూర్వకంగా తీసుకోండి.

ఏజెంటు చెప్పిన ‘ఏడాది’ ఎక్కడిది? చట్టంలో ఉన్నదే, కానీ మీకు చెల్లదు. 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ తన సొంత కారుతో అనంతపురం బదిలీ అయి వచ్చిన మనిషికి ఆ గడువు. మీరు కారు కొన్నారు. కొనడం అమ్మడం 50వ సెక్షన్ కిందికి వస్తుంది: అమ్మినవాడు రాష్ట్రం బయటి వ్యక్తికి అమ్మితే 45 రోజుల్లో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తదితర కాగితాలు పంపాలి, కొన్నవాడు 30 రోజుల్లో తన ప్రాంతపు ఆర్టీవోకు తెలపాలి. మీ గడువు అయిపోయింది, ఆలస్య రుసుము పడుతుంది. అందుకని తారీఖు లేని ఫారాల మీద నిన్నటి తేదీ వేసుకుందామని చూడొద్దు. డబ్బు చెల్లించిన తేదీ, అమ్మకం ఒప్పందం, ఫారం 29 మూడింటిలో ఒకే తేదీ ఉండాలి. ఆలస్య రుసుము ఎంత పడినా, రేపు ఒక ప్రమాదం కేసులో తేదీలు పొంతన కుదరకపోతే వచ్చే నష్టం ముందు అది చిన్నదే.

పని బెంగళూరులో మొదలుపెట్టాలి, అనంతపురంలో కాదు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, ముందు మన ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

అన్నిటికంటే ముందు సీ బుక్కులోంచి బ్యాంకు పేరు తీయించాలి. అప్పు తీరడం వేరు, ఆర్సీలో హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు తాకట్టు) రద్దు కావడం వేరు. వాయిదాలు అయిపోగానే దానంతట అదే పోతుందని అనుకుని వదిలేసిన కార్లు లెక్కలేనన్ని ఉన్నాయి. బ్యాంకు ఇచ్చే ‘నో డ్యూ’ లేఖ, ఫారం 35 రెండు ప్రతులు కావాలి. ఫారం 35 మీద బ్యాంకు సంతకం, ముద్రతో పాటు రిజిస్టర్డ్ ఓనరు సంతకమూ ఉండాలి. రెండేళ్ల కిందటి లేఖ అల్మారాలోంచి తీసి ఇస్తే కొత్తది తెమ్మనే అవకాశం ఎక్కువ, తాజాగా తెప్పించుకోవడమే మంచిది. పాలసీలో కూడా బ్యాంకు పేరు ఉంటే అదే లేఖతో అక్కడా తీయించాలి. లేదంటే రేపు కారు పూర్తిగా పోయి పెద్ద క్లెయిము వచ్చినప్పుడు కంపెనీ డబ్బును బ్యాంకు పేరు మీదే రాస్తుంది.

తర్వాత ఫారం 28, ఎన్‌ఓసీకి దరఖాస్తు. కేఏ 03 అంటే బెంగళూరు తూర్పు ఆర్టీవో. అక్కడే వేయాలి. ఇందులో బండి ఏ ఆర్టీవో పరిధికి వెళ్తోందో రాయాలి. పామిడి చిరునామాకు ఏ ఆఫీసు పేరు రాయాలో, అనంతపురమో గుంతకల్లో, వెళ్లేముందే కనుక్కోండి. తప్పు ఆఫీసు పేరుతో వచ్చిన ఎన్‌ఓసీని మార్పించాలంటే మళ్లీ బెంగళూరు పోవాల్సిందే. ఎన్‌ఓసీ ఆగిపోయే కారణాలు ఎక్కువగా రెండే. ఒకటి చలాన్లు. బెంగళూరు సిగ్నళ్ల దగ్గర కెమెరాలు తీసిన ఫొటోల జరిమానాలు ఓనరుకు తెలియకుండానే పేరుకుపోయి ఉంటాయి. బండి నంబరుతో ఆన్‌లైన్లో చూసి, అమ్మిన తేదీ ముందువి ఆయన, తర్వాతవి మీరు కట్టండి. రెండోది దొంగ బండి కాదన్న నిర్ధారణ. జాతీయ నేర రికార్డుల బ్యూరో పోర్టల్‌లో ఇంజిన్, చాసిస్ నంబర్లు కొట్టి ఆ నివేదిక ముందే ప్రింటు తీసుకోవచ్చు.

ఇక ఆయన సంతకం పెట్టి ఇచ్చిన ఫారాల గురించి. ఒకప్పుడు అవి చేతిలో ఉంటే చాలు, పని అయిపోయేది. ఇప్పుడు దరఖాస్తులు రవాణా శాఖ వాహన్ పోర్టల్ నుంచి పోతున్నాయి, ఓటీపీ రిజిస్టర్డ్ ఓనరు ఫోనుకు వస్తుంది. కాబట్టి మీకు కావాల్సింది ఆయన సంతకం కంటే ఆయన ఫోను. ఆర్సీలో నమోదైన ఫోన్ నంబరు ఇప్పటికీ ఆయన వాడుతున్నదేనా అని మొదటి ఫోన్లోనే అడగండి. మార్చేసి ఉంటే ముందు ఆయన దాన్ని సరిచేయించుకోవాలి. దానికే వారం పట్టినా ఆశ్చర్యం లేదు.

ఎన్‌ఓసీ చేతికి వచ్చాక అనంతపురం పని. ఎన్‌ఓసీ అసలు కాగితం, ఆర్సీ, ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30, కొత్త నంబరు కోసం ఫారం 27, చెల్లే ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, మీ ఆధార్, పాన్ కార్డు (లేకుంటే ఫారం 60), ఫొటోలు. వీటితో పాటు చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు. నంబరు చాలా కార్లలో ముందు సీటు కింద కార్పెట్ ఎత్తితేనో, బానెట్ తీస్తే ఇంజిన్ వెనక గోడ మీదో కనబడుతుంది. మట్టి, గ్రీజు తుడిచి, పల్చటి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దాలి. అక్షరాలు స్పష్టంగా పడకపోతే తిప్పి పంపుతారు. కారును మాత్రం తీసుకెళ్లి తీరాలి, బ్రేకిన్‌స్పెక్టరు ఆ నంబర్లు ఆర్సీతో సరిచూస్తాడు. రంగు మార్చినా, ఆర్సీలో ఎక్కించకుండా గ్యాస్ కిట్ పెట్టించినా అక్కడ ఆగిపోతారు. గ్యాస్ కిట్ ఆర్సీలో లేకపోతే ఇన్సూరెన్స్ క్లెయిముకూ అదే అడ్డంకి.

ఆఫీసు ఫీజులు వందల్లోనే. తగిలేది లైఫ్ ట్యాక్సు. బెంగళూరులో కట్టిన లైఫ్ ట్యాక్సు కర్ణాటకకే. ఇక్కడ మళ్లీ కట్టాలి, కారు ధర, దాని వయసు రెండూ చూసి శాతం లెక్కగడతారు. మొదటి ఓనరు కొన్నప్పటి ఇన్వాయిస్ దొరికితే తెచ్చుకోండి, ధర విషయంలో వాదన ఉండదు. ఇది కట్టిన రసీదు, కొత్త ఆర్సీ చూపించి కర్ణాటకలో మిగిలిన కాలానికి తగ్గ లైఫ్ ట్యాక్సు వాపసు అడగొచ్చు. ఏడాది గడిచేకొద్దీ తిరిగొచ్చే శాతం తగ్గుతుంది గనుక అక్కడా ఆలస్యం చేస్తే నష్టమే. ఆ డబ్బు ఆయనకు పోవాలా మీకు రావాలా అన్నది ఇప్పుడే కాగితం మీద రాసుకోండి, చెక్కు వచ్చాక మాట్లాడుకుంటే మాట పడదు. అసలు బెంగళూరు కార్లు మన సంతలో దొరికేవాటికంటే చౌకగా కనబడేది ఈ లైఫ్ ట్యాక్సును బేరంలో కలపనందుకే. హైదరాబాదు కారు తెచ్చుకునే కర్నూలు వాళ్లకు, చెన్నై కారు తెచ్చుకునే కడప వాళ్లకు కూడా ఇదే లెక్క.

ఒకప్పటి ఏపీ 02 మీకు రాదు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్, ఏపీ 39తో మొదలైంది. అనంతపురం 02, కడప 04, కర్నూలు 21 అన్నవి పాత బండ్ల మీదే మిగిలాయి.

ఇప్పుడు ఇన్సూరెన్స్. ఆర్సీ మారాక పాలసీ పేరు మార్చడానికి కంపెనీకి ఇవ్వాల్సినవి: మీ పేరుతో నింపిన ప్రపోజల్ ఫారం, కొత్త ఆర్సీ, ఫారం 29, 30 నకళ్లు, అమ్మినాయన అంగీకార లేఖ, పాత పాలసీ. మార్పు రుసుము నామమాత్రమే. కంపెనీ మనిషి వచ్చి బండి చూస్తాడు. విరిగిన బంపరు అలాగే ఉంటే దాన్ని ‘పాత నష్టం’గా రాసుకుంటాడు, అందుకే అప్పటికి బాగు చేయించుకోండి.

నో క్లెయిమ్ బోనస్ దగ్గర చాలామంది గొడవ పడతారు. అది బండికి కాదు, మనిషికి. ఆయన క్లెయిము లేకుండా నడిపినందుకు వచ్చిన రాయితీ మీకు రాదు. మిగిలిన కాలానికి ఆ తేడా మీరు కట్టాలి. ఓన్ డ్యామేజ్ అసలు ప్రీమియం 8,000 అనుకుందాం. 50 శాతం బోనస్ పోగా ఆయన కట్టింది 4,000. పాలసీ ఇంకా 4 నెలలు ఉండగా పేరు మారితే మీరు కట్టేది ఆ 4,000లో మూడో వంతు, 1,333 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. బెంగళూరు ప్రీమియం లెక్కలో ‘ఏ’ జోన్, అనంతపురం ‘బీ’ జోన్. చిరునామా, నంబరు మారితే తర్వాతి రెన్యువల్‌కు ఓన్ డ్యామేజ్ ప్రీమియం కొంచెం తగ్గుతుంది.

నాలుగు నెలల్లో ఆర్సీ పని పూర్తి కాకపోతే? పాలసీని మాత్రం తెగనివ్వొద్దు. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్ల పేరుతోనే రెన్యువల్ చేయాలి కాబట్టి ఆయన చేత కనీసం థర్డ్ పార్టీ అయినా కట్టించండి, డబ్బు మీరివ్వండి. మీ స్విఫ్ట్ 1,197 సీసీ. 1,000 నుంచి 1,500 సీసీ కార్లకు 2022 జూన్‌లో కేంద్రం నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే చట్టంలో మొదటిసారి 2,000 జరిమానా గానీ, 3 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ. రెండోసారి జరిమానా 4,000. అంతకంటే, గడువు దాటితే మళ్లీ బండి తనిఖీ అయ్యాకే ఓన్ డ్యామేజ్ ఇస్తారు. 90 రోజులు దాటితే బోనస్ మొత్తం పోతుంది. కొత్త పాలసీ రాగానే అందులో చాసిస్, ఇంజిన్ నంబర్లు ఒక్కొక్క అక్షరం ఆర్సీతో సరిచూసుకోండి. ‘ఓ’ ఉండాల్సిన చోట సున్నా పడినా వాహన్‌లో ‘ఇన్సూరెన్స్ లేదు’ అని కనబడుతుంది, ఆర్టీవోలో దరఖాస్తు ముందుకు కదలదు.

అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేస్తే బతిమాలడం కంటే ఆయన లాభనష్టాలు చెప్పడం మంచిది. చాలా చేతులు మారి, కాగితాలు మాత్రం మారని ఒక కారు ప్రమాదం కేసులో 2018లో సుప్రీంకోర్టు పరిహారం బాధ్యత రిజిస్టరులో పేరున్న మొదటి ఓనరు మీదే పెట్టింది. చలాన్లూ ఆయన ఫోనుకే పోతాయి. లాభం వైపు కూడా ఒకటుంది: పాలసీ పేరు మారితే ఆయనకు నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ వస్తుంది, 3 ఏళ్ల లోపు కొత్త కారు పాలసీలో వాడుకోవచ్చు. కొత్త కారు మీద 50 శాతం అంటే వేలల్లో మాట. ఇది చెప్పాక ఓటీపీ త్వరగానే వస్తుంది.

ఎయిర్‌పోర్టు బాడుగకు ఇవ్వొద్దు. తెల్ల ప్లేటు కారు పాలసీలో ‘కిరాయికి వాడితే వర్తించదు’ అన్న షరతు ఉంటుంది. రాష్ట్ర సరిహద్దులోని కొడికొండ దాటాక ఏదైనా జరిగి, వెనక కూర్చున్నవాళ్లు డబ్బిచ్చామని పోలీసులకు చెబితే ఓన్ డ్యామేజ్ పోయినట్టే. పర్మిట్ లేకుండా బాడుగ తిప్పినందుకు 10,000 జరిమానా, 6 నెలల వరకు జైలు కూడా చట్టంలో ఉన్నాయి. తరచూ తిప్పాలనుకుంటే పసుపు ప్లేటుకు మార్పించుకోవాలి, అప్పుడు ట్యాక్సు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ లెక్కలన్నీ వేరే.

కొత్త నంబరు వచ్చిన వారంలో మిగిలేవి చిల్లర పనులే. హై సెక్యూరిటీ ప్లేట్లు కొత్త నంబరుతో బిగించుకోవాలి, పాతవి అక్కడే ఇచ్చేయాలి. పాలసీలోనూ పొల్యూషన్ సర్టిఫికెట్‌లోనూ కేఏ నంబరు తీసేయించి ఏపీ నంబరు ఎక్కించాలి. ఫాస్టాగ్ ఆయన పేరు మీద, పాత నంబరుకు ముడిపడి ఉంటుంది. ఆయన చేత దాన్ని మూయించి, మీ పేరుతో కొత్తది తీసుకున్నాకే టోల్ గేట్లు దాటండి.